సాయంత్రం పరుగు

దేవుడు పెద్దదానికి బుర్ర ఇచ్చాడు, చిన్నదానికి కాళ్ళు ఇచ్చాడు అని వాళ్ళమ్మ అంటూ ఉండేది. దేవుడి సంగతేమో గాని, ఆవిడ మాత్రం ఆ పంపకాన్ని తు.చ. తప్పకుండా అమలు చేసింది. పెద్దది చదువుకుంటుంటే మంచినీళ్ళు చిన్నది తెచ్చేది. పెద్దది బళ్ళో పుస్తకం మరిచిపోతే చిన్నది పరిగెత్తేది. ఇద్దరికీ జ్వరం వస్తే, చేదు మందు పెద్దదానికి పడదని, రెండు మోతాదులూ చిన్నదే గుటుక్కున మింగి, అక్క కూడా తాగిందని సాక్ష్యం చెప్పిన రోజులున్నాయి. అలా పెరిగిన వాళ్ళకి ఒకరి పని ఇంకొకరు చేసిపెట్టడం మోసంగా తోచదు. అది వాళ్ళింటి మర్యాద.

ఇప్పుడు పెద్దదానికి నలభై ఎనిమిదేళ్ళు, ఇన్సూరెన్సు ఆఫీసులో మేనేజరు. చిన్నదానికి నలభై మూడు. అక్కా బావల ఫ్లాటులో వంటింటి పక్కనున్న గదిలో ఉంటుంది. పంతొమ్మిదేళ్ళుగా ఒక పెద్దాసుపత్రి లాండ్రీలో పని. లాండ్రీ అంటే నేల కింద ఉండే హాలు. కిటికీలు లేవు. తలెత్తి చూస్తే పైపులు, దించితే నీళ్ళు. ఉతికి ఆరిన దుప్పట్ల మూటలు ఏడంతస్తులకీ చేర్చాలి. లిఫ్టు రోగులకు. మూటలకు మెట్లు, మెట్లకు చిన్నది.

కొండెక్కుదామన్న ఆలోచన అక్కది. ఆఫీసులో ఎవరో మంచు ముందు నిలబడి తీయించుకున్న ఫోటో చూపించారట. ఆ ఫోటో అక్క మనసులో పడి, నిద్రపోనివ్వలేదు. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. కొత్తవాళ్ళని కూడా తీసుకెళ్ళే సంస్థ ఒకటుంది. ఇంట్లో దానికి 'కొండల ఆఫీసు' అని పేరు పడిపోయింది. అయితే వాళ్ళదొక నిబంధన. కొత్తవాళ్ళు ఎనిమిది వారాలు పరుగు సాధన చేసి చూపించాలి. చేతికి పెట్టుకునే వాచీ ఎంత దూరం పరిగెత్తారో, ఎంతసేపట్లో పరిగెత్తారో, గుండె ఎలా కొట్టుకుందో లెక్కగట్టి నేరుగా వాళ్ళకే పంపుతుంది. రికార్డు బాగుంటే వేరే పరీక్షలేవీ ఉండవు. వాళ్ళ డాక్టరు ఆ కాగితం చూసి సంతకం పెట్టేస్తాడు.

భోజనాల బల్ల దగ్గర అక్క రెండు వాచీలు తీసి పెట్టింది.

"నాకు పొద్దున్న మీటింగులు. పైగా మోకాలు సంగతి నీకు తెలుసుగా. నా వాచీ పెట్టుకుని నువ్వు పరిగెత్తు. నీకూ ఒకటి తెచ్చాను. ఇద్దరం వెళ్దాం."

"ఇద్దరమా?" అంది చిన్నది.

"నువ్వు లేకుండా నేనెక్కడికైనా వెళ్ళానా?"

వెళ్ళింది. చాలా చోట్లకే వెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ ఇంటి తాళాలు చిన్నదాని చేతిలోనే పెట్టింది. కానీ అడిగింది అక్క, చూపించింది మంచుకొండ. ఆ పూట లెక్కలు తీసే మనసు చిన్నదానికి లేదు.

"రెండూ ఒకేసారి పెట్టుకోకు," అంది అక్క. బుర్ర ఉన్న మనిషి కదా. "రెండు రికార్డులూ అచ్చు ఒకేలా ఉంటే అనుమానం వస్తుంది. పొద్దున్న నాది, సాయంత్రం నీది. నాది కాస్త మెల్లగా కానివ్వు. నా వయసుకు తగ్గట్టుండాలి."

బావ పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాడు. "మీ ఇద్దరికీ వేరే పనిలేదు," అన్నాడు.

మర్నాటి నుంచి చిన్నది రోజుకి రెండుసార్లు పరిగెత్తింది. పొద్దున్న పరుగు అక్కది. అందులో చిన్నది నిజాయితీగా అక్కలాగే ఉండేది. నాలుగు వీధులు దాటగానే ఆగి నడుము పట్టుకునేది. చెప్పులషాపు ముందు కాసేపు నడిచేది. ఒకసారి మోకాలు కూడా రుద్దుకుంది, చూసేవాళ్ళెవరూ లేకపోయినా. అలా ఈడ్చుకుంటూ నలభై ఎనిమిది నిమిషాల్లో ఐదు కిలోమీటర్లు ముగించి, వాచీ విప్పి అక్క తలగడ పక్కన పెట్టి, కాఫీ కలిపేది.

సాయంత్రం పరుగు తనది. డ్యూటీ దిగాక ఆసుపత్రి వెనక గేటు నుంచి రైలుకట్ట వెంబడి వెళ్ళి, ఆటస్థలం చుట్టూ తిరిగి రావడం. మొదటి వారం ప్రాణం కళ్ళలోకి వచ్చింది. పక్కలో పోటు. కట్ట మీద కూలబడి వాంతి చేసుకుంది. మెట్లెక్కే కాళ్ళు వేరు, పరిగెత్తే ఊపిరి వేరని అప్పుడు తెలిసింది. అయినా మానలేదు. అవే ఐదు కిలోమీటర్లకు యాభై రెండు నిమిషాలు పట్టేది నలభై నాలుగైంది. నలభై నాలుగు ముప్పై ఎనిమిదైంది. ఎనిమిదో వారానికి ముప్పై ఒకటి. వాచీ అద్దం మీద ఆ అంకె చూసుకుని ఆటస్థలం మధ్యలో నిలబడి నవ్వింది. నలభై మూడేళ్ళలో ఆ కాళ్ళు తన పని మీద పరిగెత్తడం అదే మొదలు.

లాండ్రీలో కూడా సాధన ఆపలేదు. వీపుసంచిలో తడి దుప్పట్లు కుక్కి, తొమ్మిది కిలోల బరువుతో ఏడంతస్తులు ఎక్కి దిగేది. అక్కడ ఇస్త్రీ యంత్రం నడిపే పెద్దాయన్ని అందరూ ఇస్త్రీ బాబాయి అంటారు. నోట్లో నువ్వుగింజ నానదు.

"ఏమ్మా, కొండ ఎక్కడానికా, కొండని మోసుకురావడానికా?"

"రెండూను బాబాయ్."

"పొద్దున్న ఒక వాచీ, సాయంత్రం ఒక వాచీ. మధ్యాహ్నం టైమెంతయిందంటే మాత్రం నన్నడుగుతావు."

కొండల ఆఫీసు వాళ్ళు పంపిన చిన్న పుస్తకం ఆమె గౌను జేబులోనే ఉండేది. అక్క దాన్ని తెరవలేదు. చిన్నదానికి కంఠతా వచ్చేసింది. పైన గాలి పలచగా ఉంటుంది. తొందరపడితే తల తిరుగుతుంది. రోజుకి నాలుగు లీటర్ల నీళ్ళు తాగాలి. పైన తలనొప్పి వస్తే దాచిపెట్టకూడదు, గైడుకి చెప్పాలి. నాలుగో మజిలీ దాటాక ఫోన్లు పనిచెయ్యవు. ఈ ఆఖరి వాక్యం దగ్గరికొచ్చినప్పుడల్లా ఆమె ఆగి, ఇంకోసారి చదువుకునేది.

ఆమెకి కావలసిందల్లా అదే. పెద్ద కోరికేం కాదు. తల మీద పైపులు లేనిచోట, ఎవరూ కేకేసి పిలవనిచోట, తన కాళ్ళతో ఎక్కి వెళ్ళి ఒక్క పూట నిలబడాలి. ఎక్కాక ఏం చేస్తావని బాబాయి అడిగితే, "ఏం చెయ్యను. అదే కదా," అంది.

ప్రయాణం పది రోజులుందనగా, ఒక ఆదివారం పొద్దున్న అక్క స్నానానికి వెళ్ళింది. వంటింటి గట్టు మీద ఛార్జింగు పెట్టిన ఆమె ఫోను మోగింది. కొండల ఆఫీసు అమ్మాయి. చిన్నది తీసింది.

"నమస్తే మేడమ్. మీ వారి రికార్డు చూసి మా గైడ్లందరూ ఆశ్చర్యపోయారండీ. యాభై రెండేళ్ళ మనిషి ముప్పై ఒక్క నిమిషాల్లో పూర్తిచేశారు. అదీ డ్యూటీ అయ్యాక సాయంత్రాలు. సార్‌ని మొదటి జట్టులో వేస్తున్నాం. ఆ జట్టుకి మధ్యలో విశ్రాంతి రోజు ఉండదు, చకచకా ఎక్కేస్తారు. మీ రికార్డు కూడా పర్లేదండీ. మీరు రెండో జట్టు."

"ఎవరి రికార్డు?" అంది చిన్నది.

"మీ వారిదండీ. మీ ఇంటి నుంచి రెండు పేర్లే కదా."

గట్టు మీద పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. చిన్నది ఫోను పెట్టేసి, గుడ్డ తీసుకుని, పాలు తుడిచింది. తుడిచిన గట్టునే మళ్ళీ తుడిచింది.

అక్క తల తుడుచుకుంటూ వచ్చింది. బావ అప్పటికే బల్ల దగ్గర పేపరు తెరిచాడు. విషయం ఇంకా ఎవరూ ఎత్తలేదు, ఆయన మాత్రం పేపరుని ముఖం మీదికి ఇంకాస్త ఎత్తుకున్నాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడమంటే అదే.

"సాయంత్రం వాచీ ఎవరి పేరు మీద ఉంది?" అని అడిగింది చిన్నది.

అక్క దాచలేదు. దాచాల్సిన విషయమని ఆమెకి తోచనే లేదు. "మొదట్లో నీ పేరే పెట్టానే. మూడో వారంలో బావకి కూడా రావాలనిపించింది. స్నేహితులందరికీ చెప్పేశారు. అప్పటికే చోట్లన్నీ నిండిపోయాయి. పేరు మార్చడం ఎంతసేపు, ఒక్క నిమిషం."

"నాకు చెప్పలేదు."

"చెబితే నువ్వు ఈ మాత్రం పరిగెత్తేదానివా?"

నిజమే. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు. ఆ సోకు చేసుకునేవాడు ఇంత తీరుబడిగా పేపరు చదువుతాడని మాత్రం ఎవరూ చెప్పలేదు.

"బావకి బీపీ ఉంది. రెండంతస్తులెక్కితే ఆయాసపడతారు," అంది చిన్నది.

"అందుకేగా నీ రికార్డు. ఫారంలో అవన్నీ రాస్తే రానిస్తారా? వచ్చే ఏడాది నువ్వు వెళ్దువుగాని. కొండ ఎక్కడికీ పోదు."

"నిజమే, కొండ ఎక్కడికీ పోదు," అన్నాడు బావ పేపరు వెనక నుంచి.

ఆ పది రోజుల్లో చిన్నది కొండల ఆఫీసుకి ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. నంబరుంది, నోరుంది. చెప్పలేదు. అక్క మీద ప్రేమతో కాదు, బావ మీద గౌరవంతో అసలే కాదు. వెళ్ళనీ, కొండే బుద్ధి చెబుతుంది అనుకుంది. ఆ మాట మనసులో అనుకున్నప్పుడల్లా ఆమెకి చల్లగా, హాయిగా ఉండేది. ఆ హాయి కోసమే నోరు మూసుకుంది. వాళ్ళ సంచులు కూడా తనే సర్దింది. బూట్ల తాడు మడమ జారకుండా ఎలా బిగించాలో బావకి నేర్పింది. ఆయన కుర్చీలో కూర్చుని కాలు చాపాడు. ఆమె నేల మీద కూర్చుని ముడి వేసింది.

వాళ్ళు వెళ్ళిన రోజు నుంచి సాయంత్రాలు పరిగెత్తలేదు. డ్యూటీ దిగి, రైలుకట్ట వైపు చూడకుండా ఇంటికి వచ్చేది. ఇస్త్రీ బాబాయి ఒక్కసారే అడిగాడు, "ఏమ్మా, నువ్వు వెళ్ళలేదే?" అని. ఆమె ముఖం చూసి మళ్ళీ ఎత్తలేదు. నువ్వుగింజ నానని ఆ నోట్లో ఈ మాట ఆ వారమంతా నానింది.

ఐదో రోజు మధ్యాహ్నం ఆమె ఆరబెట్టే యంత్రంలోంచి దుప్పట్లు లాగుతుంటే ఫోను మోగింది. ఫారంలో అత్యవసరమైతే పిలవాల్సిన నంబరు దగ్గర ఆమెదే రాశారు. రాయరూ మరి, పరుగులన్నీ చిన్నదానివే కదా.

"భయపడకండమ్మా," అంది కొండల ఆఫీసు అమ్మాయి. "మేడమ్ కింది మజిలీలో ఉన్నారు. సార్ పై మజిలీకి చేరుకున్నారు. మా గైడు వైర్‌లెస్‌లో మాట్లాడాడు. సార్‌కి తలనొప్పిగా ఉందట. ఒకసారి వాంతి అయింది, కొంచెం దగ్గు. ఆయనైతే బాగానే ఉన్నానంటున్నారు. రికార్డు చూస్తే గట్టి మనిషి. ఈ రాత్రి పడుకుంటే సర్దుకుంటుంది, రేపు తెల్లవారుజామున పైకి తీసుకెళ్దామని గైడు అంటున్నాడు. వయసు చూసి ఎందుకైనా మంచిది, ఇంట్లో అడగమన్నాడు. ఇదివరకు ఏమన్నా జబ్బులున్నాయా? ఫారంలో ఏమీ లేవని రాశారు."

యంత్రం చప్పుడుకి ఒక చెవి మూసుకుని చిన్నది నిలబడింది. 'లేవు' అంటే చాలు. ఒక్క మాట. అక్క పరువు నిలుస్తుంది, తన గది తనకుంటుంది. చిన్నప్పటి నుంచీ చెబుతున్న సాక్ష్యమే, కొత్తదేం కాదు. పైగా తను కోరుకున్నది ఇదేగా. కొండ బుద్ధి చెబుతోంది. ఎలా చెబుతోందో వింటుంటే మాత్రం ఆమెకి చల్లగా లేదు. తలనొప్పి, వాంతి, దగ్గు. పుస్తకంలో ఆ పేజీ కూడా ఆమెకి కంఠతా వచ్చు. దగ్గు మొదలైతే ఆ కింద లావు అక్షరాల్లో ఏముందో కూడా.

"బీపీ ఉంది," అంది. "ఆరేళ్ళుగా మాత్రలు వేసుకుంటున్నారు. ఆ పరుగులు ఆయనవి కావు."

"అంటే?"

"ఆయన ఒక్కరోజు కూడా పరిగెత్తలేదు. పైకి కాదు, ఇప్పుడే కిందికి దించండి. తెల్లారేదాకా ఆగొద్దు."

 అటువైపు ఆ అమ్మాయి వైర్‌లెస్‌లో ఎవరితోనో గబగబా మాట్లాడటం వినిపించింది. మళ్ళీ ఫోనులోకి వచ్చింది.

"దించుతున్నారు. అమ్మా, మరి ఆ పరుగులెవరివి?"

"నావి."

"ఆ సాయంత్రాలన్నీ మీవా?"

"సాయంత్రాలూ నావే. పొద్దున్నవీ నావే."

"మీ పేరు చెప్పండి. రాసుకోవాలి."

చెప్పింది. అక్షరం అక్షరం విడదీసి చెప్పింది, తప్పు రాస్తారేమోనని.

"ఇంత పరిగెత్తిన మనిషి, మీరెందుకు రాలేదమ్మా?" అంది ఆ అమ్మాయి. మంచిపిల్ల. ఆ ప్రశ్నకి ఏ ఫారంలోనూ గడి లేదు. చిన్నది ఫోను పెట్టేసింది.

బావని ఆ సాయంత్రమే నలుగురు పట్టుకుని దించారు. కింద ఆసుపత్రిలో ఊపిరితిత్తుల్లో నీరు చేరడం మొదలైందన్నారు. ఇంకొక్క రాత్రి పైన ఉంటే చెప్పలేమన్నారు. నాలుగు రోజులు ఆక్సిజన్ పెట్టి పంపారు. రెండో జట్టులో ఉన్న అక్కని కూడా, ఆమె రికార్డు దొంగదని తేలింది కాబట్టి, దారిలోనే వెనక్కి తిప్పారు. నాలుగో మజిలీ దాకా వెళ్ళిందట. మంచు కనిపిస్తోందట కూడాను.

 తిరిగొచ్చిన రెండోరోజు, బావ పడుకున్నాక అక్క వంటింట్లోకి వచ్చింది.

"ఓర్వలేక చేశావు," అంది.

"అక్కా, బావకి దగ్గొస్తోందన్నారు."

"ఆయనకి బీపీ ఉందని చెబితే సరిపోదూ? దించేవాళ్ళుగా. పరుగులు నావి నావి అని చెప్పుకోవాల్సిన అవసరం ఏమొచ్చింది? నన్నెందుకు ఈడ్చావు? పొద్దున్నవి కూడా నావేనని అనాలా?"

 అక్క అన్నది నిజం. బీపీ మాట చాలు. ఆ తర్వాత అన్న ప్రతి మాటా చిన్నది తన కోసం అన్నది. బావ ప్రాణం నిలబెట్టిందో, అక్క మీద కసి తీర్చుకుందో, ఆ రెండూ ఆ ఒక్క నిమిషంలో ఎలా కలిసిపోయాయో ఆమెకే తెలియదు.

"అయినా," అంది అక్క, గొంతు దించి, అసలు తప్పు ఎక్కడుందో ఇప్పుడే కనిపెట్టినట్టు, "నిన్నెవరు అంత పరిగెత్తమన్నారు? నాలా పరిగెత్తి ఉంటే ఆయన్ని కూడా రెండో జట్టులో వేసేవాళ్ళు. మెల్లగా ఎక్కేవారు. ఏమయ్యేది కాదు. ముప్పై ఒక్క నిమిషాలట. యాభై రెండేళ్ళ మనిషి పరిగెత్తే పరుగేనా అది?"

ఇన్ని వారాల్లో ఆ పరుగు వేగం గురించి అక్క అన్న మొదటి మాట అది. చిన్నది గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.

పదిహేను రోజులకి కొండల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పొద్దున్న బల్ల దగ్గర బావ కళ్ళజోడు పెట్టుకుని విప్పాడు. చిన్నది ఆయన మాత్ర, మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది. మనిషి తేరుకున్నాడు. కాస్త చిక్కాడు, ముఖంలో కళ వచ్చింది. ఉత్తరం పైకి చదివాడు. ఒకరి సాధనను ఇంకొకరి పేరు మీద చూపించినందుకు ఈ కింది ముగ్గురినీ ఇకమీదట ఏ యాత్రకూ అనుమతించబోము, తోటి సంస్థలన్నిటికీ ఈ పేర్లు తెలియజేశాము.

కింద మూడు పేర్లున్నాయి. మొదటిది చదివాడు, తనది. రెండోది చదివాడు, భార్యది. మూడోది ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు లేకుండా అచ్చయి ఉంది. దాన్ని కూడా చదివి, ఉత్తరం కాస్త దూరంగా పెట్టి చూశాడు.

"ఈ మూడో ఆవిడెవరు?" అన్నాడు.

అక్క తల తిప్పకుండా, "చిన్నది," అంది.

"ఓహో," అన్నాడు బావ. మాత్ర నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, గ్లాసు చిన్నదాని చేతికిచ్చాడు.